ఇంటి చేపలతొట్టెకు కొయ్యపీఠం, పైపందిరి: వడ్రంగ చరిత్రలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంట్లో చేపలను పెంచే గాజుతొట్టె పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో రూపుదిద్దుకొన్న వస్తువు. దానిని మోసే కొయ్యపీఠం, దానిపై కూర్చొనే పైపందిరి మాత్రం తెలుగు ఇళ్లకు, గుళ్లకు ఎప్పటినుంచో తెలిసిన వడ్రంగపు రూపాలను పోలినవి. కీసరగుట్ట మీది 'తొలుచువాండ్రు' అనే తొలి తెలుగు లేఖనం మొదలుకొని, నేటి ఉప్పల్, నాచారం ప్రాంతపు ప్లైవుడ్ పని వరకు ఈ రూపం వెనుక ఉన్న పనితీరును, దానిని చెప్పే మాటలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సామగ్రి మారినా బరువును మోసే సూత్రం మారలేదనీ, ఆ సూత్రాన్ని చెప్పే తెలుగు మాటలు మాత్రం పనిచోటునుంచి తప్పుకొంటున్నాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కీసరగుట్ట, తొలుచువాండ్రు, వడ్రంగం, చేపలతొట్టె, పందిరిమంచం, ప్లైవుడ్, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదుకు తూర్పున ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలున్నాయి. అక్కడినుంచి ఈసీఐఎల్ మీదుగా సాగే దారిలో కీసర, దానిని ఆనుకొని కీసరగుట్ట వస్తాయి. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1967లో ఈసీఐఎల్ ఏర్పడిన తరువాత ఈ వైపు నెలజీతాల కుటుంబాలు స్థిరపడ్డాయి. బాహ్యవలయ రహదారి కీసరను తాకిన తరువాత నగరం గుట్ట దాపుకు చేరింది. క్వార్టర్లు, కాలనీలు, అపార్టుమెంట్లు పెరిగేకొద్దీ ఇంటి ముందుగదిలో ఉండవలసిన వస్తువుల జాబితా కూడా మారుతూ వచ్చింది. ఆ జాబితాలో చేపలతొట్టె ఒకటి. కొందరికి అది పిల్లల ముచ్చట. కొందరికి వాస్తు చెప్పినవారి సలహా. మరికొందరికి ఏళ్ల తరబడి సాగే అభిరుచి.

తొట్టెను గాజుపనివారు అతికిస్తారు. చేపలు దుకాణంనుంచి వస్తాయి. వాటిని చూసేవారు జాతులను, రంగులను గుర్తుపడతారు. తొట్టె కింద ఉన్న పీఠాన్ని ఎవరూ పట్టించుకోరు. దుకాణభాషలో అది 'స్టాండు', పైన ఉన్నది 'టాపు'. ఈ వ్యాసంలో తొట్టెను మోసే కొయ్య చట్రాన్ని 'పీఠం' అనీ, తొట్టె నోటిని కప్పుతూ దీపాలను దాచే కొయ్యపెట్టెను 'పైపందిరి' అనీ వ్యవహరించడం జరిగింది. ఈ రెండింటి చరిత్రను వెతికితే మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. ఈ రూపం ఎక్కడిది? నీళ్లను మోయడానికి నీటికి లొంగే కొయ్యను ఎందుకు ఎంచుకొన్నారు? దానిని చేసేవారి జ్ఞానం ఎక్కడ నమోదయింది?

2. కీసరగుట్ట లేఖనం: పనిపేరే మనిషిపేరు

కీసరగుట్ట విష్ణుకుండినుల కాలపు అవశేషాలకు ప్రసిద్ధం. పురావస్తుశాఖ తవ్వకాలలో ఇక్కడ ఇటుక కట్టడాల పునాదులు, కోటగోడ జాడలు బయటపడ్డాయి. గుట్టమీది ఒక బండపై బ్రాహ్మీ లిపిలో ఉన్న చిన్న లేఖనాన్ని పరిశోధకులు 'తొలుచువాండ్రు' అని చదివారు. లిపిని బట్టి దానిని క్రీ.శ. 5వ శతాబ్దం ప్రాంతానిదిగా భావిస్తున్నారు. అంతకుముందు అమరావతిలో కనిపించే 'నాగబు' ఒంటరి పదం. పూర్తి తెలుగు వాక్యాలతో ఉన్న కలమళ్ళ శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. ఈ రెండింటి నడుమ నిలిచిన కీసర లేఖనం తెలుగు భాషాచరిత్రలో విలువైన మెట్టు.

ఈ పదం నిర్మాణం స్పష్టం. 'తొలుచు' అనే క్రియకు మనుష్య బహువచన రూపం చేరింది. రాతిని తొలిచే పనివారు అని అర్థం. ఇందులో రాజు పేరు లేదు, దాత పేరు లేదు, పనివారి సొంత పేరు కూడా లేదు. చేసే పనే వారి గుర్తింపు. ఇందుకు భిన్నమైన సాక్ష్యం మహారాష్ట్రలోని కార్లే గుహలో ఉంది. అక్కడి ప్రాకృత శాసనం ఒకటి వేణువాసుని కొడుకైన సామి అనే 'వఢకి' గుహముఖాన్ని చేశాడని చెబుతుంది. వఢకి అంటే వడ్రంగి. సంస్కృత 'వర్ధకి', ప్రాకృత రూపాల మీదుగా తెలుగులో 'వడ్లంగి', 'వడ్రంగి' అయింది. తెలంగాణలో 'వడ్ల' అనే ఇంటిపేరుగానూ నిలిచింది. కార్లే చైత్యంలో రాతి కప్పుకు అమర్చిన టేకు వాసాలు దాదాపు రెండువేల ఏళ్లుగా నిలిచి ఉన్నాయి. రాతిపనిలో వడ్రంగి పేరు కనిపించడం వింతేమీ కాదు. తొలినాటి రాతి కట్టడాలు కొయ్య కట్టడాలను చూసి చెక్కినవే.

కీసర లేఖనంలోని క్రియ రాతికి మాత్రమే పరిమితం కాదు. వడ్రంగి కూడా తొలుస్తాడు. ఒక కొయ్యలో ఉలితో చదరపు బెజ్జం తొలిచి, మరో కొయ్య చివరను ఆ బెజ్జానికి సరిపోయేట్లు సన్నగా చెక్కి దింపడం కొయ్యపనికి ప్రాణం. తలుపుచట్రం, మంచంకోడు, బండిచక్రం అన్నీ ఈ కూర్పుమీదే నిలుస్తాయి. చేపలతొట్టె పీఠం కూడా దీనిమీదనే ఆధారపడిందని ముందు భాగాలలో చూడవచ్చు.

3. పీఠం, పందిరి: పాత రూపం

కొయ్యతో ఆసనాలు, శయ్యలు చేయడం గురించి శాస్త్రగ్రంథాలు విస్తారంగా మాట్లాడాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో శయ్యాసనలక్షణానికి ఒక అధ్యాయం కేటాయించి, ఏ చెట్టు కొయ్య తగినదో, ఏది తగదో వివరించాడు. మంచి కొయ్యల వరుసలో టేకును సూచించే 'శాకం' కూడా ఉంది. అదే గ్రంథంలో 'వజ్రలేపం' అనే గట్టి బంకల తయారీ కనిపిస్తుంది. వాటిలో ఒకటి పశువుల కొమ్ములు, చర్మం ఉడికించి చేసేది. ఇటీవలి కాలం దాకా వడ్రంగులు వాడిన జంతుబంక ఈ కోవకు చెందినదే.

తెలుగు ఇంట్లో పీట, గద్దె, భోషాణం, మందసం, పందిరిమంచం, దేవుడి మందిరం వడ్రంగి చేసినవే. వీటిలో పందిరిమంచాన్నీ, దేవుడి మందిరాన్నీ ప్రత్యేకంగా గమనించాలి. రెండింటికీ మూడు అంతస్తులుంటాయి. కింద బరువు మోసే గట్టి పీఠం, నడుమ మనిషికో దేవుడికో కేటాయించిన చోటు, నాలుగు కంబాలమీద ఆనిన పందిరి. మంచంపందిరి దోమతెరను పట్టి ఉంచుతుంది. మందిరం పైభాగం దీపపు వెలుగును లోపలే నిలుపుతుంది. పల్లకీలోనూ రథంలోనూ ఈ పొందికే ఇంకా పెద్ద కొలతల్లో కనిపిస్తుంది.

చేపలతొట్టె పీఠం, పైపందిరి కూడా ఈ మూడంతస్తుల పొందికలోనే ఉంటాయి. దీనినిబట్టి ఒకటి మరొకదానినుంచి నేరుగా పుట్టిందని చెప్పడం తొందరపాటు. ఇలాంటి కొయ్యపెట్టెల నమూనాలు విదేశాలలోనూ ఉన్నాయి. మందిరాన్నీ మంచాన్నీ చేసిన చేతికి కొత్త పని వచ్చినప్పుడు, ఆ చేయి తనకు తెలిసిన కొలతలతోనే దానిని అందుకొన్నదని మాత్రం అనవచ్చు. పైపందిరి ముందుభాగాన ఉండే చిన్న తోరణపు వంపు, పీఠం తలుపుల చుట్టూ ఉండే అంచుపట్టీ ఇందుకు సూచనలు.

రూపం పాతదే అయినా సమస్య కొత్తది. మంచంమీది మనిషి లేస్తాడు, పడుకొంటాడు. మందిరంలోని విగ్రహం తేలిక. తొట్టెలోని నీరు మాత్రం రాత్రింబవళ్లు, ఏళ్ల తరబడి ఒకేచోట ఒకే తీరున కిందికి నొక్కుతూ ఉంటుంది. పైగా పక్కనే తడి.

4. గాజుతొట్టె రాక

చేపలను వినోదంగా చూడడం దక్కనుకు కొత్త కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దిలో రచించిన మానసోల్లాసంలో 'మత్స్యవినోదం' ఒక విభాగం. చేపల రకాలు, అవి తిరిగే చోట్లు, వాటికి వేసే మేత అందులో ఉన్నాయి. నేటి తెలంగాణలో చాలాభాగం అప్పట్లో ఆ రాజ్యపు అధికారం కిందనే ఉండేది. ఆ వినోదం చెరువు గట్టున సాగేది. చేపను పక్కనుంచి, కంటికెదురుగా చూడాలంటే గాజు కావాలి.

సముద్రజీవులను పరిశీలించడానికి జాన్ విల్‌ప్రూ పవర్ 1832లో సిసిలీలో గాజుతొట్టెలు చేయించింది. ఇంగ్లండులో 1845లో గాజుమీది పన్ను రద్దు కావడంతో గాజు చవకయింది. 1850 నాటికి రాబర్ట్ వారింగ్టన్ నీటిమొక్కలు, చేపలు, నత్తలు కలిసి ఒక తొట్టెలో సమతుల్యంగా బతకగలవని ప్రయోగపూర్వకంగా చూపాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల భవనం తెరుచుకొంది. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ తన గ్రంథంతో 'అక్వేరియం' అనే మాటను జనంలోకి తెచ్చాడు.

దక్షిణ భారతంలో ఈ ఆలోచనకు మద్రాసు తొలి వేదిక. ప్రభుత్వ మ్యూజియం పర్యవేక్షకుడిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ చొరవతో మెరీనా తీరంలో రూపొందిన మత్స్యశాల 1909 అక్టోబరులో తెరుచుకొంది. చాలా తెలుగు జిల్లాలు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. థర్‌స్టన్ పేరుతో దక్షిణ భారత కులాలపై ఏడు సంపుటాల గ్రంథం వెలువడినదీ 1909లోనే. అందులో కంసాల శీర్షిక కింద బంగారం, కంచు, ఇనుము, కొయ్య, రాయి అనే అయిదు పనుల తెలుగువారి వర్ణన ఉంది. మత్స్యశాల, వృత్తికులాల వర్ణన ఒకే ఏడాది, ఒకే వ్యక్తి పేరుతో ముడిపడడం యాదృచ్ఛికమే. అయినా అందులో ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ చూసేవాడు ఇవతల, చూడబడేది అవతల. పనివారి ఆచారాలు, కథలు ఆ గ్రంథంలో ఎక్కువ చోటు పొందాయి. వారి కూర్పుల లెక్క అందులో దాదాపు లేదు.

ఇంటి తొట్టె రూపాన్ని రెండు సాంకేతిక మార్పులు నిర్ణయించాయి. మొదటిది సిలికాన్ బంక. 1960ల దాకా తొట్టెలకు ఇనుపచట్రం, పుట్టీ ఉండేవి. బరువంతా చట్రం అంచులమీదికి చేరేది కనుక నాలుగు అంచులను పట్టుకొనే ఇనుప స్టాండు చాలేది. సిలికాన్ వచ్చాక గాజుపలకలు ఒకదానికొకటి నేరుగా అతుక్కొన్నాయి, చట్రం పోయింది. అప్పటినుంచి అడుగుగాజు మొత్తం సమతలంమీద ఆనవలసి వచ్చింది. రెండోది దీపం. 1938లో మార్కెట్టులోకి వచ్చిన ట్యూబులైటు క్రమంగా తొట్టెలమీదికి చేరింది. దీపాన్ని కళ్లకు కనబడకుండా దాచాలి, నీటి ఆవిరిని తగ్గించాలి, చేప ఎగిరి బయట పడకుండా ఆపాలి. ఈ మూడు అవసరాలే పైపందిరిని తప్పనిసరి చేశాయి.

5. బరువు లెక్క, కూర్పు తీరు

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టె ఘనపరిమాణం 9 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగులో 28.3 లీటర్లు పడతాయి కనుక నిండుగా పోస్తే సుమారు 255 లీటర్లు, అంటే 255 కిలోల నీరు. 10 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 25 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన గాజు 50 కిలోల పైమాటే. గులకరాళ్లు కూడా చేరితే మొత్తం 340 కిలోలకు తగ్గదు. అయిదుగురు పెద్దవాళ్లు ఒక బల్లమీద ఏళ్ల తరబడి కదలకుండా నిలబడినట్లే.

ఈ బరువును కొయ్య మోయగలదా అన్న సందేహానికి సమాధానం కొయ్య నారలోనే ఉంది. నార నిలువుగా ఉన్నప్పుడు కొయ్య నొక్కుడును బాగా తట్టుకొంటుంది. అందువల్ల పీఠంలో బరువు దిగే దారి తెగకూడదు. తొట్టె పైబల్లమీద, పైబల్ల దూలాలమీద, దూలాలు కంబాల తలలమీద, కంబాలు నేలమీద ఆనాలి. దూలాన్ని కంబం పక్కకు చేర్చి మరలతో బిగిస్తే బరువంతా మరలమీద పడుతుంది. కంబం తలలో మెట్టు చెక్కి దూలాన్ని అందులో కూర్చోబెడితే మర పట్టి ఉంచుతుంది, కొయ్య మోస్తుంది. తొలిచి దింపిన కూర్పు చేసే పని కూడా ఇదే. మండువా ఇంట్లో దూలం స్తంభంమీద కూర్చొన్న తీరూ ఇదే.

రెండో ప్రమాదం పక్కకు ఒరగడం. నాలుగు కంబాల చట్రం నిలువు బరువును మోసినా, ఎవరైనా తగిలితే మూలలు వాలిపోవచ్చు. వెనుకవైపు పూర్తి పలక బిగించడం దీనికి పాత విరుగుడు. బీరువాకు వీపుపలక ఉండడానికీ ఇదే కారణం. వడపోత యంత్రపు గొట్టాల కోసం ఆ పలకను పెద్దగా కోస్తే బలం పోతుంది. అందుకే మంచి పనివారు గొట్టం పట్టేంత గుండ్రటి రంధ్రం మాత్రమే చేస్తారు.

మూడోది సమతలం. పైబల్లలో చిన్న మిట్ట ఉన్నా ఒత్తిడి అక్కడే పోగుపడి అడుగుగాజు చిట్లుతుంది. తొట్టెకూ బల్లకూ నడుమ థర్మకోల్ పలక పరిచే అలవాటు ఇందుకే వచ్చింది. చిన్న హెచ్చుతగ్గులను అది సర్దుకొంటుంది, పెద్ద వంకరను సర్దలేదు. ఆ పని చిత్రికదే.

పైపందిరికి బరువు సమస్య లేదు, ఆవిరి సమస్య ఉంది. లోపలివైపు రాత్రింబవళ్లు తేమ పడుతుంది. పూతలేని కొయ్య ఆ తేమను పీల్చి ఉబ్బుతుంది. అందుకే లోపలి ముఖానికి, కోసిన అంచులకు బయటి ముఖంకన్నా ఎక్కువ శ్రద్ధ కావాలి. వేడి పోవడానికి వెనుక సందు, మేత వేయడానికి మడతబందులతో తెరుచుకొనే మూత ఉండాలి. కంటికి కనబడే ముందుభాగాన్ని నునుపు చేసి, కనబడని లోపలిభాగాన్ని వదిలేసిన పని రెండు వానాకాలాలు దాటేసరికి బయటపడుతుంది.

6. టేకు నుంచి ప్లైవుడ్ దాకా

పాత పనిలో చేవగల టేకు మొదటి ఎంపిక. చేవ అంటే చెట్టు నడిమి గట్టికొయ్య. సహజతైలాలవల్ల టేకు చేవ తేమకూ చెదకూ త్వరగా లొంగదు. అయితే ఎంత మంచి కొయ్యయినా నారకు అడ్డంగా రుతువును బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. తలుపుచట్రంలో పలకను బిగించకుండా గాడిలో వదులుగా కూర్చోబెట్టడం ఆ కదలికకు చోటివ్వడానికే.

ప్లైవుడ్ ఈ సమస్యను మరోలా పరిష్కరించింది. పలుచటి కొయ్యపొరలను ఒకదాని నార మరొకదానికి అడ్డంగా ఉండేట్లు, బేసి సంఖ్యలో పేర్చి అతికిస్తారు. పొరలు ఒకదాని కదలికను మరొకటి అదుపు చేస్తాయి. మన దేశంలో దీని వ్యాప్తికి వాడుకలోని సౌకర్యం ఒక కారణమైతే, అడవుల చట్టం మరో కారణం. 1980 అటవీ సంరక్షణ చట్టం తరువాత, 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు చెట్ల నరికివేతపైనా, అనుమతిలేని కోతమిల్లులపైనా ఆంక్షలు పెట్టింది. తోటల్లో పెంచిన చెట్లతో ప్లైవుడ్ చేసే యమునానగర్ వంటి కేంద్రాలు ప్రాముఖ్యం సంపాదించాయి. 1959లో వచ్చిన ఫెవికాల్ అప్పటికే జంతుబంకను పక్కకు నెట్టింది.

ప్లైవుడ్‌లోనూ తేడాలున్నాయి. ఐ.ఎస్. 303 ప్రమాణం సాధారణ వాడకపు ప్లైవుడ్‌ది. ఐ.ఎస్. 710 నీటిని తట్టుకొనే మెరైన్ ప్లైవుడ్‌ది, దానికి 72 గంటలు మరిగే నీటిలో ఉంచే పరీక్ష ఉంది. తొట్టెపీఠానికి రెండోది తగినది. పొట్టును అదిమి చేసిన పలకలు చవక. నీరు తగిలితే అవి అంచులనుంచి ఉబ్బి, మర పట్టు వదులుతాయి. మూడింటిమీదా ఒకే రంగు మైకా అతికిస్తే కొనేవారికి తేడా తెలియదు. చేవను చూడడానికి కొయ్య కోతముఖం ఉండేది. మైకా కింద ఉన్నదాన్ని చూడడానికి పనివాడి మాట తప్ప ఆధారం లేదు. సామగ్రి మారడంవల్ల పనివాడి నైపుణ్యం అవసరం తగ్గిందన్న అభిప్రాయాన్ని ఇక్కడ పునఃపరిశీలించాలి. పాత రోజుల్లో నైపుణ్యం కంటికి కనబడేది, నేడు అది నమ్మకం రూపంలోకి మారింది.

7. మాటల వలస

హైదరాబాదు ప్రాంతపు వడ్రంగ పదజాలం మొదటినుంచీ మిశ్రమం. చిత్రికతో పాటు రందా, మూలమట్టంతో పాటు గునియా వాడుకలో ఉన్నాయి. ఉలి, బాడిస, రంపం తెలుగువారి నోట నిలిచాయి. బరమా ఉత్తరాదినుంచి వచ్చింది. ఇంటీరియర్ పనులలో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి వచ్చిన పనివారు పెరిగాక పనిచోటు భాష హిందీ వైపు మరింత మొగ్గింది. ప్లై, మైకా, బీడింగ్ వంటి మాటలు సామగ్రితో పాటే దిగాయి. మాటలు ఇచ్చిపుచ్చుకోవడం భాషకు సహజం. రందా వచ్చినందువల్ల తెలుగుకు నష్టం లేదు.

నష్టం మరోచోట ఉంది. సాహిత్య విమర్శలో జీవితాన్ని 'చిత్రిక పట్టడం' నిత్యవ్యవహారం. రచనలో 'చేవ' ఉందని, 'మూలమట్టం' సరిగా లేదని తరగతి గదిలో చెప్పడం మామూలు. ఆ రూపకాలు పుట్టిన పనిని చూసిన విద్యార్థులు తగ్గుతున్నారు. చిత్రిక కొయ్యనారకు ఎదురు నడిస్తే ఉపరితలం చిట్లుతుందని తెలిసినవారికి ఆ రూపకంలో ఓర్పు, దిశ రెండూ వినిపిస్తాయి. తెలియనివారికి అది వర్ణనకు మారుపేరు మాత్రమే.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశాన్ని ఆరంభించింది. తరువాత చేనేత మొదలైన వృత్తుల సంపుటాలు వచ్చాయి. ఆ పద్ధతి పల్లెవృత్తుల స్థిరమైన పదజాలాన్ని పట్టుకోవడానికి రూపొందింది. నగరపు అంచున, మూడు భాషల నడుమ, ఏటేటా మారే సామగ్రితో పనిచేసే వడ్రంగి మాట దానికి అందలేదు. చేపలతొట్టె పీఠం వంటి కొత్త పని చుట్టూ ఏ పాత మాట నిలిచింది, ఏది అర్థం మార్చుకొంది, ఏ కొత్తమాట పుట్టింది అన్న నమోదు భాషాశాస్త్రానికీ వృత్తిచరిత్రకూ సమానంగా అవసరం.

8. ఉపసంహారం

పై పరిశీలనవల్ల కొన్ని అంశాలు తేలుతున్నాయి. గాజుతొట్టె విదేశీ సాంకేతికత ఫలితమైనా, దానికి కింద పీఠం, పైన పందిరి చేర్చిన పొందిక తెలుగు వడ్రంగానికి పరాయిది కాదు. చట్రం లేని తొట్టె, ట్యూబులైటు అనే రెండు మార్పులు ఆ పాత పొందికకు కొత్త బాధ్యతలు అప్పగించాయి. టేకు స్థానంలో ప్లైవుడ్ వచ్చినా, బరువు దిగే దారి తెగకూడదన్న సూత్రం అలాగే ఉంది. నైపుణ్యం మైకా కింద దాగినకొద్దీ దానిని గుర్తించి రాయవలసిన అవసరం పెరిగింది.

పదిహేను వందల ఏళ్ల కిందట కీసరగుట్ట మీద రాతిని తొలిచినవారిని గురించి ఒక్క పదం మిగిలింది. ఆ పదంవల్లనే వారు తెలుగువారని, బృందంగా పనిచేశారని తెలుస్తోంది. నేడు అదే గుట్ట చుట్టుపక్కల ఇళ్లలో కొయ్యను తొలిచి, కోసి, అతికి పీఠాలు చేస్తున్నవారి గురించి ఆ ఒక్క పదమైనా రాతలో లేదు. వారి కొలతలను, కూర్పులను, వాటికి వారు పెట్టుకొన్న పేర్లను వారి నోటనే విని నమోదు చేసే క్షేత్రపరిశోధనకు కీసర, నాచారం, ఉప్పల్ ప్రాంతం తగిన ఆరంభస్థలం.